మేడ హోటల్

సూర్యాపేట,
12 జూన్ 1990

నీలా,

ఈ ఉత్తరం నీకు చేరుతుందో లేదో తెలియదు. మిర్యాలగూడ సర్కారు దవాఖానలో నర్సుగా చేస్తున్నావని మీ హాస్టల్ వార్డెనమ్మ కూతురు బజారులో కనిపించి చెప్పింది. ఇంటి చిరునామా ఆమెకూ తెలియదు. అందుకే కవరు మీద నీ పేరు, దవాఖాన పేరు రాసి దేవుడి మీద భారం వేశాను. నేను పార్వతిని. పాపయ్య మేడ పార్వతిని. బళ్ళో నీ పక్క బెంచీ మీద కూర్చుని నీ లెక్కలన్నీ చూసి రాసిన పార్వతిని.

నా సంగతి రెండు మాటల్లో చెప్తాను. కోదాడలో నా కాపురం ఎన్నో ఏళ్ళు సాగలేదు. ఆయన గుండెపోటుతో పోయారు. పిల్లలు లేరు. అత్తగారింట్లో ఉండలేక అన్న తిరుపతయ్య దగ్గరికి వచ్చేశాను. నిరుడు నాన్న కూడా పోయాడు. వదిన మంచిదే. కానీ పొద్దున్నే లేచి ఆ రోజు నేనేం చేయాలో ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. నాన్న కట్టిన దుకాణం నీకు గుర్తుండే ఉంటుంది. కింద ఒక పక్క బట్టలు, ఒక పక్క ఇత్తడి సామాను, వెనకవైపు సబ్బులు, పౌడర్లు, పలకలు, పూసలు. ఒక్క గడప తొక్కితే పెళ్ళికి కావలసిన సమస్తం దొరికేది. మేడ మీద హోటల్. పెళ్ళి బట్టలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇంత ఎంగిలిపడి, కాసేపు నడుం వాల్చినట్టు కూర్చోగలిగిన చోటు ఆ రోజుల్లో సూర్యాపేటలో అదొక్కటే. పాలరాతి బల్లలు, టేకు కుర్చీలు, రోడ్డు వైపు రంగుటద్దాల పెద్ద కిటికీ. నాన్నకు ఒంట్లో బాగాలేక మూతపడింది. అప్పటినుంచీ అందులో యూరియా బస్తాలు వేస్తున్నారు. మొన్న తాళం తీయించి చూస్తే ఒక బల్ల మీద ఎలుకలు పిల్లలు పెట్టి ఉన్నాయి.

అన్న దాన్ని పడగొట్టి లాడ్జి కడతానంటున్నాడు. నేను అడ్డం పడ్డాను. "నాకియ్యి అన్నా, హోటల్ మళ్ళ నేను తెరుస్త," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. వదిన నవ్వింది. అన్న నవ్వలేదు.

మనిద్దరం మెట్ల కింద కూర్చుని పూరీలు తినేవాళ్ళం, గుర్తుందా? పైన వంట చేసే ఐలన్న ఆలుగడ్డ కూర దొప్పలో పెట్టి ఇచ్చేవాడు. అది మన రహస్య స్థలం. ఆ రోజులు తలుచుకుంటే నీకు రాయకుండా ఉండలేకపోయాను.

నీ
పార్వతి


మిర్యాలగూడ,
3 జూలై 1990

పార్వతీ,

నీ ఉత్తరం చేరింది. దవాఖానలో ఇద్దరం నీలాలం ఉన్నాం. రెండో ఆమె విప్పి, మూడు ముక్కలు చదివి, "ఇది నీదే, నాకు మేడలు లేవు," అని నవ్వుకుంటూ తెచ్చిచ్చింది.

నీ భర్త సంగతి విని మనసు కలుక్కుమంది. నా సంగతులు మంచివే. ఆయన పేరు ధన్‌సింగ్, ఇక్కడి డిపోలో బస్సు కండక్టరు. ఒక్కతే కూతురు, అనిత. దవాఖాన క్వార్టర్లలో ఉంటున్నాం. నాన్న లేడు. అమ్మ జమ్లీ తిరుమలగిరి దగ్గర మా తండాలోనే ఉంటుంది. ఎంత రమ్మన్నా రాదు. "గా నాలుగు గోడల నడుమ నాకు ఊపిరాడది," అంటుంది. బోరు కింద ఎకరం పత్తి, రెండు మేకలు, అదే ఆమె రాజ్యం.

ఇప్పటికీ ఏడాదికోసారి మీ దుకాణానికే పోతుంది. అద్దాలు, పూసలు, గవ్వలు, ఎర్ర బట్ట ఇంకెక్కడ కొన్నా ఆమెకు నచ్చవు. మా తండా అంతా అంతే. "పాపయ్య సేటు కాడ రంగు దిగది," అంటారు.

మెట్ల కింద పూరీలు నాకూ గుర్తున్నాయి. పాలరాతి బల్లల సంగతి మాత్రం నువ్వు రాస్తేనే తెలిసింది. నేను పైకి ఎప్పుడూ ఎక్కలేదు కదా.

హోటల్ తెరువు. ఎవరో చెప్తే లేచి పని చేయడం కన్నా అది నయం.

నీలా


సూర్యాపేట,
20 సెప్టెంబర్ 1990

నీలా,

అన్న ఒప్పుకున్నాడు! నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు పొద్దున వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"హోటల్ పెట్టుకుంటవా? పెట్టుకో. యాడాది సూస్త. నడవకపోతే కూలగొడ్త. ఇగ అప్పుడు ఏడువొద్దు."

"ఏడువ."

"ఇంకోటి. నాయిన ఉన్నప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉండాలె. పెద్దింటోళ్ళు వచ్చే జాగ అది. దాన్ని బస్టాండు హోటల్ చెయ్యకు."

"నాకు గావాల్సింది కూడ గదే," అన్నాను. నిజంగానే నాకు కావలసింది అదే. ఉన్నది ఉన్నట్టు, నాన్న నాటిది నాన్న నాటిలాగే.

బస్తాలు దింపించి నేల కడిగించాను. కడిగిన నీళ్ళు మెట్ల మీదుగా తెల్లగా పారి బజారులోకి పోయాయి. బల్లలు సగం మిగిలాయి. పగిలిన రాళ్ళకు జోడు ఎక్కడా దొరకలేదు. చివరికి సమాధి రాళ్ళు చెక్కేవాడి దగ్గర దొరికాయి. ఈ మాట అన్నకు చెప్పలేదు, నువ్వూ ఎవరికీ చెప్పకు.

మొన్న కోదాడ వెళ్ళాను. అత్తగారింటికి కాదు, ఐలన్న కోసం. హైవే మీద లారీలు ఆగే హోటల్లో వంట చేస్తున్నాడని తెలిసింది. పోయి అడిగితే ఆ హోటలాయన, "తీసుకెళ్ళండమ్మా. మనిషి ఇక్కడున్నాడు గానీ మనసిక్కడ లేదు. ఏ కూర దించినా పాపయ్య మేడలో ఇట్లా కాదంటాడు. విని విని మా చెవులు పోయాయి," అన్నాడు.

ఐలన్న ముసలివాడైపోయాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఒకే మాట అడిగాడు.

"పార్వతమ్మా, గా పెద్ద పొయ్యి ఉన్నదా, పగలగొట్టిన్రా?"

"ఉన్నదన్నా."

"అయితే పా, పోదాం."

బస్సులో నా పక్క సీట్లో కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే వచ్చాడు. మెట్లెక్కి లోపలికి రాగానే పొయ్యి దగ్గరికి పోయి దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

నువ్వు పైకి ఎప్పుడూ రాలేదా? నాకు అసలు గుర్తే లేదు నీలా. ఈసారి కిటికీ దగ్గరి బల్ల నీది. ఇది నా మాట.

పార్వతి


సూర్యాపేట,
8 డిసెంబర్ 1990

నీలా,

ఒక సాయం అడగాలి. మొహమాటం లేకుండా అవుననో కాదనో చెప్పు.

వదిన తమ్ముడొకడు హైదరాబాదులో ఇళ్ళూ హోటళ్ళూ అలంకరించే పని నేర్చుకున్నాడు. మొన్న వచ్చి చూసి, "అంత మంచిగున్నదక్కా, గోడలే బోసిగున్నయ్. లంబాడోళ్ళ అద్దాల బట్టలు అద్దం బిగించి పెడితే జోరుంటది. పట్నంల పెద్ద పెద్ద హోటళ్ళల్ల గిప్పుడు గదే," అన్నాడు. అన్నకూ నచ్చింది. పట్నంలో ఉన్నదంటే చాలు అన్నకు.

నాకు వెంటనే మీ అమ్మ గుర్తొచ్చింది. హాస్టల్‌కు నిన్ను చూడడానికి వచ్చినప్పుడు ఆమె తల మీది బట్ట ఎండలో ఎలా మెరిసేదో! ఆమె చేత్తో కుట్టినది ఒక్కటి దొరికితే, బజారులో కొన్నవి పది పెట్టినా సరికావు. ఎంతైనా ఇస్తాను.

పార్వతి


మిర్యాలగూడ,
19 జనవరి 1991

పార్వతీ,

నీ ఉత్తరం చేతిసంచీలో పెట్టుకుని తండాకు వెళ్ళాను. నాకు ఇవ్వాలని లేదు. ఉన్న మాట చెప్తున్నాను. గోడకు కట్టడానికి కుట్టిన బట్ట కాదది. అయినా నువ్వు అడిగింది అమ్మను కాబట్టి ఆమెకే చదివి వినిపించాను.

యాడి (మేం అమ్మను అలాగే పిలుస్తాం) విని లోపలికి పోయింది. పెట్టె తీసి ఒక మూట తెచ్చి నా ముందు పెట్టింది. విప్పితే నా పెళ్ళికి కుట్టిన తల బట్ట. నేను కడుపులో ఉన్నప్పుడు మొదలుపెట్టి, నా పెళ్ళినాటికి ముగించింది. నేను దాన్ని ఒక్కనాడూ వేసుకోలేదు. నర్సు ఉద్యోగం, చీర, క్వార్టర్లు. యాడి ఇక్కడికి వచ్చినప్పుడు పక్కింటివాళ్ళు గుచ్చి గుచ్చి చూస్తున్నారని ఆమెను కూడా చీర కట్టుకొమ్మన్నాను. ఆమె కట్టుకోలేదు. మరునాటి పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయింది. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పాలనిపించింది.

"ఇది ఇయ్యకు యాడీ," అన్నాను.

"పెట్టెల పురుగులు తినుడు కన్న నలుగురు సూసుడు మంచిది గాదా?"

"పైసలిస్తదట. ఎంతిమ్మంటవ్?"

కోపం వచ్చింది ఆమెకు. "పైసలా? నీ సోపతి కదా ఆమె. నేను పైకి పోయి నా బట్ట యాడ కట్టిన్రో సూడాలె. గా కిటికీ కాడ కూసోని ఒక చాయ్ తాగాలె. ఇన్నేండ్ల సంది కింది దాక పోయి వస్తున్న. పైన ఎట్లుంటదో సూస్త. గంతే."

బట్టను ధన్‌సింగ్ సూర్యాపేట డ్యూటీ పడ్డ రోజు తెచ్చి ఇస్తాడు. ధర అదీ ఇదీ అనకు. ఆమె అడిగింది ఒక్క చాయ్.

నీలా


సూర్యాపేట,
2 ఏప్రిల్ 1991

ప్రియమైన నీలా,

ఉగాదికి తెరిచాం! నువ్వు రాలేదని ఎంత లోటు పడ్డానో. హాలియా వైపు వాంతులు, విరేచనాలతో జనం వస్తుంటే సెలవెలా ఇస్తారులే, అర్థం చేసుకున్నాను.

జనం విరగబడ్డారు. నాన్నతో కలిసి ఇక్కడ కాఫీ తాగిన ముసలాయన ఒకరు కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చి, కుర్చీ చేతులు తడిమి చూసి కళ్ళు తుడుచుకున్నారు. అన్న అందరికీ నన్ను చూపించి, "మా చెల్లె తెలివి," అన్నాడు. నా జీవితంలో ఆ మాట మొదటిసారి విన్నాను.

మీ అమ్మ బట్ట అద్దం బిగించి గోడకు పెట్టాం. చూసినవాళ్ళందరూ ఎవరు కుట్టారని అడుగుతున్నారు. ఆమెను ఎప్పుడైనా రమ్మను. నేను క్యాష్ దగ్గరే ఉంటాను.

పార్వతి


మిర్యాలగూడ,
16 జూన్ 1991

పార్వతీ,

నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. నా మనసులో నీ మీద ఎన్నో ఏళ్ళుగా ఒక ముల్లు ఉండేది. నువ్వు మెట్ల కింద మన రహస్య స్థలం అని రాసినప్పుడు అది ఇంకా లోపలికి దిగింది. అక్కడ మనం రహస్యం కోసం కూర్చోలేదు పార్వతీ. తండా పిల్లను పైకి తేవద్దని మీ నాన్న ఐలన్నతో అనడం నేను విన్నాను. నువ్వు వినలేదేమో. ఇన్నాళ్ళూ అనుమానంగానే నీకు ఉత్తరాలు రాశాను.

ఇప్పుడు అది పోయింది. మొన్న తండాకు వెళ్తే యాడి చెప్పింది. పోయిన నెలలో తిరుమలగిరి నుంచి బస్సెక్కి ఒక్కతే మీ దగ్గరికి వచ్చిందట. పేటియా పావడా, రవిక, దంతపు గాజులు, అన్నీ తొడుక్కుని. నువ్వు లేచి ఎదురు వచ్చావట. కిటికీ దగ్గర కూర్చోబెట్టి పూరీ పెట్టించావట. కిటికీకి ఎదురుగా గోడ మీద తన బట్ట ఉందని, రంగుటద్దాల వెలుగు దాని మీద పడుతోందని, రోడ్డు మీద బస్సులు పైనుంచి చిన్నగా కనిపించాయని పూస గుచ్చినట్టు చెప్పింది. బల్ల చల్లగా ఉందని నవ్వింది. తండా ఆడవాళ్ళందరికీ చెప్పింది. పక్కింటి సాలి అత్త ఇంకొకసారి చెప్పమంటే ఇంకొకసారి చెప్పింది.

నేను అంత సంతోషంగా ఆమెను చూసి చాలా కాలమైంది. ఆమెకు ఇచ్చిన ఆ మర్యాద నాకు ఇచ్చినదే. నీ రుణం తీర్చుకోలేను.

నీ
నీలా


సూర్యాపేట,
9 జూలై 1991

ప్రియాతిప్రియమైన నీలా,

నీ ఉత్తరం అందింది. రుణం అంత పెద్ద మాటలెందుకు? అమ్మ సంతోషపడింది, అంతే చాలు. చిన్నప్పటి సంగతులు మనసులో పెట్టుకోకు. నాన్న కాలం వేరు.

ఇక్కడ ఊపిరి ఆడని పని. అన్న కూతురికి సంబంధం కుదిరేలా ఉంది, వాళ్ళది కోదాడే. అనితకు ఒక గౌను పంపుతున్నాను, ధన్‌సింగ్‌గారికి ఇచ్చాను. అమ్మ ఆరోగ్యం జాగ్రత్త.

నీ
పార్వతి


మిర్యాలగూడ,
21 నవంబర్ 1993

పార్వతి గారికి,

యాడి పోయి రెండు నెలలైంది. కామెర్లు ముదిరాక తెచ్చారు. నా వార్డులోనే, నా చేతుల్లోనే పోయింది. మీకు కబురు చేయలేదు, బాధలో తోచలేదు.

పోయిన వారం పోలియో చుక్కల శిక్షణకని మమ్మల్ని సూర్యాపేట పిలిచారు. అనితను వెంట తెచ్చుకున్నాను. సాయంత్రం దాన్ని మీ హోటల్‌కు తీసుకొచ్చాను. అమ్మమ్మ కూర్చున్న చోటు చూపిస్తానని దారి పొడవునా చెప్పాను. మీరు యాదగిరిగుట్టకు వెళ్ళారన్నారు. చీర కట్టుకుని, చేతిసంచీతో ఉన్నాను కాబట్టి మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. కిటికీ దగ్గరే కూర్చున్నాం. ఎదురు గోడ మీద మీ నాన్నగారి ఫోటో ఉంది. బట్ట లేదు.

మార్చి ఉంటారనుకున్నాను. పూరీ తిని చెయ్యి కడుక్కోవడానికి లేచాను. కుళాయిల గదిలో, తొట్టి పైన ఉంది బట్ట. ఒకటి కాదు, నాలుగు ముక్కలు, నాలుగు ఫ్రేముల్లో. అద్దాల మీద సబ్బునీళ్ళ మరకలు. అనిత చదువుకున్న పిల్ల కదా, "అమ్మా, ఇది అమ్మమ్మ కుట్టిందేనా? ఎందుకు కత్తిరించిన్రు?" అని పెద్దగా అడిగింది. పక్కన నోరు పుక్కిలిస్తున్న ఒకాయన మా వైపు చూశాడు.

ఐలన్నను పిలిపించాను. ఈ బట్ట మొదటినుంచీ ఇక్కడే ఉందా అని అడిగాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు. పక్కకు తీసుకుపోయాడు.

"మొదటి సంది గీడనే ఉన్నది బిడ్డా."

"మా యాడి కిటికీకి ఎదురుంగ ఉన్నదని చెప్పింది."

ఆయన వంటింటి తలుపు దగ్గరగా వేశాడు.

"ఆమె పైకి రాలే. కింద దుకాణంల చేసే కోటయ్య మెట్ల కాడనే ఆపిండు. ఆమె పార్వతమ్మ పేరు చెప్పింది. వాడు పైకొచ్చి అడిగిండు. అమ్మగారు కిందికే చాయ్ పంపుమన్నరు. నేనే తీస్కపోయిన. ఇత్తడి సామాను కాడ నిలవడి తాగింది. 'అన్నా, లోపట ఎట్లుంటది?' అని అడిగింది. అన్నీ చెప్పిన. బల్లలు చెప్పిన, కిటికీ చెప్పిన. 'నా బట్ట యాడున్నది?' అన్నది. ఎంగిలి చేతులు కడిగే కాడ ఉన్నదని నా నోటితోని ఎట్ల చెప్పాలె? కిటికీకి ఎదురుంగ ఉన్నదన్న. మీద రంగుటద్దాల ఎలుగు పడ్తది అన్న. నవ్వింది బిడ్డా. గిలాస తనే కడిగి ఇచ్చిపోయింది."

అంటే యాడి నాకు చెప్పిందంతా ఐలన్న ఆమెకు చెప్పిందే. నువ్వు ఎదురు రావడం, కూర్చోబెట్టి పూరీ పెట్టించడం మాత్రం ఆమె సొంతంగా కల్పించుకుంది. నా స్నేహితురాలి పరువు నా దగ్గర పోకూడదని కల్పించుకుంది. చనిపోయే రెండు రోజుల ముందు కూడా అనితకు అదే చెప్పింది.

ఆమె కల్పించింది. నువ్వు? నేను రుణం అని రాస్తే, నువ్వు గౌను పంపావు.

నీలా


సూర్యాపేట,
10 డిసెంబర్ 1993

నీలా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు మంచం దిగలేదు. నన్ను గారు అన్నావు. అను.

ఆ రోజు ఏం జరిగిందో విను. అన్న కూతురిని చూడడానికి కోదాడ నుంచి వచ్చినవాళ్ళు హాలు నిండా ఉన్నారు. అన్న క్యాష్ బల్ల పక్కనే నిలబడ్డాడు. కోటయ్య వచ్చి, "లంబాడామె, మీ పేరు చెప్తున్నది, పైకొస్తనంటది," అని అందరూ వినేట్టు అన్నాడు. అన్న నా వైపు చూశాడు. చూశాడు అంతే. నేనే అన్నాను, కింద కూర్చోబెట్టి చాయ్ ఇవ్వమని. వాళ్ళు వెళ్ళిపోయాక కిందికి దిగి వద్దామనుకున్నాను. వాళ్ళు వెళ్ళేసరికి ఆమె వెళ్ళిపోయింది.

బట్టను కత్తిరించింది నేను కాదు, ఆ అలంకరణ కుర్రవాడు. కుళాయిల దగ్గర పెట్టమన్నది అన్న. నేను వద్దని ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నిజం రాద్దామని కూర్చున్నాను. మీ అమ్మ చెప్పినట్టే జరిగి ఉంటే బాగుండునని అనిపించింది. చదువుతుంటే అలాగే జరిగిందేమో అనిపించింది. నీకు నెల జీతం ఉంది నీలా, తలుపు వేసుకుంటే నీ ఇల్లు నీది. నాకున్నది ఆ మెట్లు, ఆ పన్నెండు బల్లలు. అన్న కళ్ళు ఎర్రబడితే అవీ లేవు. నా స్థానంలో ఉంటే నువ్వేం చేసేదానివి? నువ్వు మీ అమ్మను చీర కట్టుకొమ్మనలేదా? నేనూ అంతే చేశాను, నువ్వు చేసిందే.

ఇంకొక మాట. అబద్ధం నేను చెప్పలేదు. మీ అమ్మే చెప్పింది.

పార్వతి


సూర్యాపేట,
4 మార్చి 1994

నీలా,

పోయిన ఉత్తరంలో చివరి మాట రాయకుండా ఉండాల్సింది. జవాబు రాయి. తిట్టు, పరవాలేదు.

పార్వతి


కోదాడ,
18 ఆగస్టు 1996

నీలా,

రెండున్నరేళ్ళు నీ జవాబు కోసం చూశాను. ఇక చూడకూడదనుకున్నాను గానీ, రాయడానికి ఇంకెవరూ లేరు.

పైన ఊరి పేరు చూసి ఆశ్చర్యపడకు. కోదాడలోనే ఉన్నాను, మరిది ఇంట్లో. హోటల్ పోయింది. మూతపడలేదు, బ్రహ్మాండంగా నడుస్తోంది. అందుకే పోయింది. అన్న అల్లుడికి రాసిచ్చేశాడు. "నీకెందుకు చెల్లె గీ పరేషాన్, రెస్టు తీస్కో," అన్నాడు. సంతకాలు, కాగితాలు నా దగ్గర ఏమున్నాయి? నోటి మాట మీద ఇచ్చింది నోటి మాట మీదే తీసుకున్నాడు. నేను పోయి క్యాష్ దగ్గర కూర్చుంటే అల్లుడు వచ్చి, "అత్తమ్మా, గిరాకీ చూస్తున్నరు, లోపటికి పోయి కూసో," అన్నాడు. వంటింట్లోకి పోయి కూర్చున్నాను. ఐలన్న నాకు పీట వేసి, తల తిప్పుకుని ఉల్లిగడ్డలు తరుగుతూ ఉండిపోయాడు. నెల తిరక్కుండా ఆయన్నూ పంపించేశారు.

పాలరాతి బల్లలు అమ్మేశారు. ఏసీ పెట్టడానికి రంగుటద్దాల కిటికీ గోడ కట్టి మూసేశారు. బయట బోర్డు మీద మాత్రం నాన్న పేరు, హోటల్ పెట్టిన సంవత్సరం ఎంత పెద్ద అక్షరాలతో రాయించారో! నాన్నది నాన్నలాగే ఉంచాలని నేను తాపత్రయపడ్డాను. చివరికి మిగిలింది ఆ అంకె.

పాత సామాను బయట పారేస్తుంటే మీ అమ్మ బట్ట ముక్కలు నాలుగూ తెచ్చుకున్నాను. ఉతికి ఆరబెట్టాను. రిజిస్టరు పోస్టులో పంపనా? లేకపోతే ఒక్కసారి నువ్వే రాకూడదూ? మిర్యాలగూడ నుంచి ఎంత దూరం? ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళు లేరు. షుగరు వచ్చింది. కాలి వేలికి పుండు పడి మానడం లేదు. మనసులో ఉన్నది నీతో చెప్పుకుంటే తేలికపడతానేమో.

పార్వతి


మిర్యాలగూడ,
5 సెప్టెంబర్ 1996

పార్వతీ,

ఉత్తరం అందింది.

ముందు కాలి సంగతి. పుండు మానడం లేదంటే ఆలస్యం చేయకు. కోదాడలో కట్లు కట్టించుకుంటూ కూర్చోకుండా ఖమ్మం పెద్దాసుపత్రికి పో. చెప్పులు లేకుండా నడవకు, ఇంట్లో కూడా. వేడినీళ్ళలో కాలు పెట్టకు, కాలినా నీకు తెలియదు. మాత్రలు ఒక్క పూట కూడా మానవద్దు.

మీ అన్న చేసింది అన్యాయం. హోటల్ నీది. ఎలుకల గూళ్ళు తీసి నిలబెట్టినదానివి నువ్వు. ఎవరైనా అడిగితే నేను అదే చెప్తాను. వంటింట్లో పీట మీద కూర్చున్నానని రాసిన చోట, నీకు తగిన శాస్తి జరిగిందని ఒక్క క్షణం అనిపించింది. దాచడం ఎందుకు? అనిపించింది, తర్వాత డ్యూటీకి పోయాను. కాన్పులు ఎక్కువగా ఉన్నాయి ఆ రోజు. సాయంత్రానికి ఆ సంతోషం కూడా మిగల్లేదు.

నువ్వు అన్నది నిజమే, యాడిని నేనూ చీర కట్టుకొమ్మన్నాను. దాని గురించి నేను ఆమెతో మాట్లాడుకున్నాను, వార్డులో, ఆమెకు తెలివి ఉండగానే. ఆమె ఏమన్నదో నీకు చెప్పను. అది మా ఇద్దరిదీ.

బట్ట పంపకు. యాడి దాన్ని నీకు ఇచ్చింది. ఇచ్చినదాన్ని వెనక్కి తెచ్చుకునే ఇల్లు కాదు మాది. దగ్గర పెట్టుకుంటావో, పారేస్తావో నీ ఇష్టం.

కోదాడకు రాను. బస్సు రెండున్నర గంటలే, ధన్‌సింగ్ ఉన్నాడు కాబట్టి టికెట్ కూడా అక్కర్లేదు. దూరమై రాకపోవడం కాదు.

రెండున్నరేళ్ళలో నీకు ఎన్ని ఉత్తరాలు రాశానో. అన్నీ కోపంతోనే. రాయడం, చించడం. రాత్రి డ్యూటీలో పేషెంట్లు పడుకున్నాక మందుల చీటీల వెనక కూడా రాశాను. అనిత ఇంటరు పాసయినప్పుడు కూడా ముందు నీకే చెప్పాలనిపించి, వెంటనే కోపం వచ్చింది. ఇది రాయడానికి కూర్చుంటే ఆ కోపం ఎంత వెతికినా దొరకలేదు. అది ఉన్నన్నాళ్ళూ నువ్వు నాకు ఏదో ఒకటి అయి ఉన్నావు.

ఇకనుంచి ఉత్తరాలు దవాఖాన చిరునామాకు రాయకు. నాకు బదిలీ అయింది. కొత్త చిరునామా ఇవ్వడం లేదు.

నీలా